నాలుగో గ్రేడు వదిలేద్దామా?

సూళ్ళూరుపేట, తడ, నాయుడుపేట ప్రాంతాల వారికి చెన్నపట్నం పరాయి ఊరు కాదు. పెద్ద జబ్బు చేసినా, పెళ్ళి బట్టలు కొనాలన్నా, పిల్లలను పై చదువులకు పంపాలన్నా మన పెద్దలు దక్షిణం వైపు వెళ్ళే బండే ఎక్కేవారు. ఈనాటికీ మా వైపు చాలామందికి అంతే. సూళ్ళూరుపేటలో లోకల్ బండి ఎక్కితే రెండు గంటలకు పైగా ప్రయాణం. 2024 ఆగస్టులో ఒక శనివారం ఉదయం మేము ఆ బండి ఎక్కింది మాత్రం మా పెద్దమ్మాయి పియానో పరీక్ష సంగతి తేల్చుకోవడానికి.

పల్లెటూరి రైతు కుటుంబానికి పియానో పరీక్ష ఏమిటని కొందరు పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. మా సంఘంలో ఆరాధనకు మొదట హార్మోనియం ఉండేది. తరువాత కీబోర్డు వచ్చింది. దానిని వాయించే సహోదరుడు ఉద్యోగం కోసం బెంగుళూరు వెళ్ళిపోయాక, విని నేర్చుకొన్న కీర్తనలతో మా అమ్మాయి ఆ చోట కూర్చుంది. సూళ్ళూరుపేటలో ఒక టీచరమ్మ పాశ్చాత్య సంగీతం నేర్పుతారని తెలిసి, వారం వారం అక్కడికి పంపాము. ఒకటి, రెండు, మూడు గ్రేడులు వరుసగా పాసయింది. అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతోంది.

"వచ్చే ఏడు పదో తరగతి. మళ్ళీ తీరిక దొరకదు. నాలుగు వదిలేసి తిన్నగా ఐదుకు కట్టేద్దాం. ఒక ఫీజు కూడా మిగులుతుంది" అన్నారు టీచరమ్మ గారు.

ఆమె మా మేలు కోరే చెప్పారు. గ్రేడు పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుంది. దారి ఖర్చులు, పుస్తకాలు వేరే. మాలాంటి వారికి ఒక పరీక్ష మిగలడం చిన్న విషయం కాదు. మరోవైపు, ఐదులో తప్పితే డబ్బు పోవడమే కాక, పిల్ల మనసు విరిగి వాయించడమే మానేస్తుందేమోనన్న భయం. పెరంబూరులో రైల్వే ఉద్యోగం చేసే మా పెదనాన్న గారి అబ్బాయికి ఫోన్ చేస్తే, "ఫారం నింపకముందే ఒకసారి రండి. తెలిసిన వారిని అడుగుదాం" అన్నాడు.

మూర్ మార్కెట్ నుండి మౌంట్ రోడ్డుకు

తడ దాటితే రాష్ట్రం మారుతుంది. స్టేషను బోర్డుల మీద తెలుగు పోయి తమిళం వస్తుంది గాని, బండిలో మాటలు చాలాదూరం వరకు రెండు భాషల్లోనూ వినిపిస్తూనే ఉంటాయి. గుమ్మిడిపూండిలో కార్మికులు, పొన్నేరిలో పూలగంపలు, ఎన్నూరు దగ్గర చేపల వాసన. మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని మోకాళ్ళ మీద వేళ్ళతో స్కేళ్ళు వాయించుకొంటూ వచ్చింది.

లోకల్ బండ్లు ఆగే చోటు పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉంటుంది. పాత పుస్తకాలకు పేరుపడిన మూర్ మార్కెట్ ఒకప్పుడు ఆ స్థలంలోనే ఉండేది. 1985లో అగ్ని ప్రమాదంలో కాలిపోయింది. పేరు మాత్రం స్టేషనుకు మిగిలింది.

అక్కడి నుండి అన్నయ్య మమ్మల్ని అణ్ణా సాలైకి తీసుకువెళ్ళాడు. మన పెద్దలు మౌంట్ రోడ్డు అనే రోడ్డు అదే. ఆ రోడ్డు మీద మ్యూజీ మ్యూజికల్ అనే వాయిద్యాల దుకాణం ఉంది. 1842లో మిస్క్విత్ అనే ఆయన ప్రారంభించిన వ్యాపారం అది. లండన్ ట్రినిటీ కాలేజి పరీక్షలకూ ఆ దుకాణానికీ ఎంతో కాలంగా సంబంధం ఉంది. చెన్నైలో సంగీతం నేర్చుకొనే పిల్లల తల్లిదండ్రులు దాని గడప తొక్కకుండా ఉండరని అన్నయ్య చెప్పాడు.

మా అమ్మాయి నిజమైన పియానో ముట్టుకోవడం అదే మొదలు. మా ఇంట్లోని కీబోర్డుకు 61 మెట్లు. పియానోకు 88. కీబోర్డు మెట్టు వేలు ఆనితేనే పలుకుతుంది. పియానోలో మెట్టు నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది, అందుచేత వేలికి బరువు తెలుస్తుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. బాగా వచ్చిన మూడో గ్రేడు పాటను వాయించబోతే రెండో పేజీకి ఎడమచేయి అలసిపోయింది. "ఇది వేరేగా ఉంది నాన్నా" అంది. కీబోర్డుకూ పియానోకూ పరీక్షలు వేరువేరుగా ఉన్నాయని, పియానో పరీక్షకు వెళ్ళేవారు బరువైన మెట్లున్న వాయిద్యం మీద సాధన చేయడం మంచిదని దుకాణంలో పెద్దాయన ఒకరు చెప్పారు.

ఈ పరీక్షల సంగతి

ఈ పరీక్షల గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. మన దేశంలో ఎక్కువమంది పిల్లలు వెళ్ళేది లండనుకు చెందిన రెండు సంస్థల పరీక్షలకు. ట్రినిటీ కాలేజి 1872లో ఏర్పడింది. రాయల్ స్కూల్స్ వారి సంయుక్త బోర్డు 1889లో ఏర్పడింది. రెండింటిలోనూ 1 నుండి 8 వరకు గ్రేడులు. ఒకటికి ముందు చిన్నపిల్లలకు ఇనీషియల్ అనే మెట్టు ఒకటి ఉంది. 2020 నుండి ఇంట్లో వాయించి వీడియో పంపే పద్ధతి కూడా వచ్చింది.

ట్రినిటీ వారి పియానో పరీక్షకు 100 మార్కులు. మూడు పాటలకు ఒక్కొక్కదానికి 22 చొప్పున 66. స్కేళ్ళు మొదలైన వాటికి 14. మిగిలిన 20 రెండు చిన్న పరీక్షలకు. 60 వస్తే పాసు, 75 వస్తే మెరిట్, 87 వస్తే డిస్టింక్షన్. రాయల్ స్కూల్స్ బోర్డులో 150 మార్కులకు 100 పాసు, 120 మెరిట్, 130 డిస్టింక్షన్.

మా ప్రశ్నకు నియమాలలో జవాబు సులువుగానే దొరికింది. రెండు సంస్థలూ గ్రేడులు వరుసగానే వ్రాయాలని అడగవు. ఎవరైనా తిన్నగా ఐదుకు వెళ్ళవచ్చు, ఎనిమిదికీ వెళ్ళవచ్చు. ఒక్క అడ్డు ఉంది. రాయల్ స్కూల్స్ బోర్డులో 6, 7, 8 గ్రేడుల వాయిద్య పరీక్షకు వెళ్ళాలంటే ముందుగా ఐదో గ్రేడు థియరీ గాని, దానికి బదులుగా ఆ బోర్డు ఒప్పుకొన్న మరో పరీక్ష గాని పాసై ఉండాలి. ట్రినిటీలో ఆ షరతు లేదు.

నియమం ఒప్పుకొంటుందని తేలింది. పిల్లకు మంచిదా కాదా అన్నది మాత్రం దుకాణంలో తేలే విషయం కాదు.

వేపేరిలో ఒక ముందుగది

అన్నయ్యకు తెలిసిన ఒక ఆంగ్లో ఇండియన్ టీచరు వేపేరిలో ఉంటారు. నలభై ఏళ్ళకు పైగా పియానో నేర్పినవారు. ముందుగదిలో గోడకు ఆనించి పాత పియానో, దాని మీద పుస్తకాల దొంతర, పక్కన కుర్చీలో నిద్రపోతున్న పిల్లి. ఆమె తమిళంలో, ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అన్నయ్య మాకు తెలుగులో చెబుతూ వచ్చాడు.

ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు. అమ్మాయిని కూర్చోబెట్టి, ముందు మూడో గ్రేడులో నేర్చుకొన్న పాట వాయించమన్నారు. బాగానే వాయించింది. తరువాత కిటికీ వైపు తిరిగి నిలబడమని చెప్పి, తాను ఒక చిన్న రాగం వాయించి, "ఇప్పుడు నువ్వు" అన్నారు. అమ్మాయి రెండోసారి వినకుండానే తప్పులేకుండా వాయించింది. ఆమె నవ్వారు. చివరగా రెండో గ్రేడు స్థాయిలో అమ్మాయి ఎప్పుడూ చూడని ఒక పేజీ తెరిచి ముందు పెట్టారు. అది నాలుగు వరుసల పాట. మా అమ్మాయి మొదటి వరుసలోనే మూడుసార్లు ఆగింది. గీతలు వేలితో లెక్కపెట్టుకొని స్వరం పేరు పైకి అనుకొని వాయించింది. ముఖం ఎర్రబడింది.

"నీకు పరీక్షల్లో సైట్ రీడింగ్ ఎంత వచ్చింది?" అని అడిగారు ఆమె.

"నేను అది తీసుకోలేదు మిస్. వినేది, ప్రశ్నలు చెప్పేది తీసుకున్నాను."

అప్పుడు మాకు విషయం అర్థమయింది. ట్రినిటీలో ఐదో గ్రేడు వరకు ఆ రెండు చిన్న పరీక్షలను పిల్లలే ఎంచుకోవచ్చు. సైట్ రీడింగ్ అంటే చూడని పాటను అప్పటికప్పుడు చదివి వాయించడం. విని చెప్పడం, అప్పటికప్పుడు కల్పించి వాయించడం, సంగీతం గురించిన ప్రశ్నలకు జవాబులు చెప్పడం మిగిలినవి. ఈ నాలుగింటిలో ఏవైనా రెండు తీసుకోవచ్చు. ఆరో గ్రేడు నుండి సైట్ రీడింగ్ తప్పనిసరి. మూడు సర్టిఫికెట్లు గోడ మీద ఉన్నా చదవడం రాని సంగతి వాటిలో కనబడలేదు. ఎందుకంటే ఎవరూ దానిని అడగలేదు.

"ఈ పిల్ల చెవి ఐదో గ్రేడులో ఉంది. వేళ్ళు నాలుగులో ఉన్నాయి. కళ్ళు ఇంకా రెండులో ఉన్నాయి" అన్నారు టీచరు గారు. "ఏ గ్రేడుకు కట్టాలన్నది తరువాత చూడండి. అన్నిటికంటే వెనుక ఉన్నదాన్ని ముందు నడిపించండి."

గ్రేడు వదిలేయడం తప్పా అని మేము అడిగాము. తప్పు కాదన్నారు. తన దగ్గర చదివిన ఒక అబ్బాయి ఐదు తరువాత తిన్నగా ఎనిమిదికి వెళ్ళి మెరిట్ తెచ్చుకొన్నాడట. ఐతే ఆ మధ్య మూడున్నరేళ్ళు అతడు ప్రతి ఆదివారం ఆలయంలో నాలుగు స్వరాల గీతాలు పుస్తకం చూసి వాయించాడు, ఆరు ఏడు గ్రేడుల పుస్తకాలు కూడా పూర్తిగా వాయించాడు. పరీక్షకు మాత్రం వెళ్ళలేదు. ఇంకొక అమ్మాయిని తల్లిదండ్రులు తొందరపెట్టి మూడు నుండి ఐదుకు, ఐదు నుండి ఏడుకు పంపారట. ఏడాదంతా ఆ మూడు పాటలే వాయించి అంచు మీద పాసయింది. ఇప్పుడు ఇంట్లో చుట్టాలు వచ్చి ఒక పాట వాయించమంటే ఆ పాత మూడు పాటలు తప్ప ఏమీ రావు.

"వాళ్ళిద్దరూ మెట్లు దాటినవాళ్ళే. అబ్బాయి పరీక్ష మానాడు. ఆ అమ్మాయి పాఠం మానింది" అన్నారు.

వెళ్ళేటప్పుడు ఆమె ఇంకొక మాట చెప్పారు. తెలుగు సినిమాలు మద్రాసులోనే తయారయ్యే రోజుల్లో కోడంబాకం స్టూడియోలలో వయొలిన్, పియానో వాయించే వారి ముందు ఉదయం కాగితం పెడితే మధ్యాహ్నానికి పాట రికార్డు అయ్యేదట. ఎంత తీయగా వాయించినా కాగితం చదవలేని వారికి ఆ వరుసలో కుర్చీ దొరికేది కాదు.

ఎగ్మూరులో బావుల మీద నిలిచిన ఆలయం

ఆ రాత్రి పెరంబూరులో ఉండి, మరునాడు ఆదివారం ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ ఆలయానికి వెళ్ళాము. చెన్నైలో దానిని కర్క్ అంటారు. స్కాట్లండు దేశస్థుల కోసం కట్టిన ఆలయం. 1818లో పునాదిరాయి వేసి 1821లో ఆరాధన ప్రారంభించారు. ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘానికి చెందినది. లోపల 16 స్తంభాల మీద గుండ్రని గోపురం, దానికి ముదురు నీలం రంగు, ఆ నీలం మీద బంగారు నక్షత్రాలు. నేల మీద నలుపు తెలుపు రాళ్ళు చదరంగం పలకలా పరిచారు. పైప్ ఆర్గన్ మొదలయ్యేసరికి మా అమ్మాయి మా చేయి వదిలేసి తల పైకెత్తి చూస్తూ ఉండిపోయింది.

ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన ఆలయం చూపిస్తూ పునాది సంగతి చెప్పారు. అక్కడి నేల మెత్తని బంకమన్ను. అంత బరువును మోయలేదు. కట్టడం చేయించిన డీ హావిలాండ్ అనే ఇంజనీరు మన ప్రాంతపు పద్ధతినే తీసుకొన్నాడు. నేలలోకి నూట యాభై వరకు బావులు దించి, వాటి మీద ఆలయం నిలబెట్టాడు. మందిరంలో కూర్చున్న వారికి ఆ బావులు కనబడవు. చూసినవారు గోపురాన్నీ శిఖరాన్నే మెచ్చుకొంటారు. ఇసుక మీద ఇల్లు కట్టిన మనుష్యుని ఉపమానం విన్న మనకు ఇంతకంటే వివరం అక్కరలేదు. బావులు దించకుండా పని మొదలుపెట్టి ఉంటే కొన్ని నెలలు, కొంత సొమ్ము మిగిలేవి. రెండు వందల ఏళ్ళు మాత్రం నిలిచేది కాదు.

అమ్మాయి అడిగిన ప్రశ్న

తిరుగు ప్రయాణంలో బండి మీంజూరు దాటాక ఆమెనే అడిగాము. "నీకేమనిపిస్తోంది? నాలుగు వదిలేద్దామా?"

కాసేపు ఊరుకొంది. తరువాత, "పరీక్ష వదిలేస్తే నాలుగో పుస్తకంలో పాటలు కూడా నాకు రావా నాన్నా?" అంది.

మా నిర్ణయం ఆ ప్రశ్నలోనే ఉంది. నాలుగో గ్రేడు పరీక్షకు కట్టము. పుస్తకం మాత్రం మొదటి నుండి చివరి వరకు వాయిస్తుంది. దానితోబాటు రోజూ పది నిమిషాలు ఎప్పుడూ చూడని ఒక పేజీ, మొదటి గ్రేడు స్థాయి నుండి. ఐదుకు ఎప్పుడు కట్టాలన్నది టీచరమ్మ గారు, అమ్మాయి కలిసి చెప్పాలి. టీచరమ్మ గారితో ఈ సంగతి చెబితే సంతోషంగా ఒప్పుకొని, వారానికి రెండు రోజులు తన ఇంట్లో ఉన్న బరువు మెట్ల డిజిటల్ పియానో మీద సాధన చేసుకోమన్నారు.

ఆ పది నిమిషాలే అన్నిటికంటే కష్టమయ్యాయి. విని వాయించే పిల్లకు చదివి వాయించమంటే, పరుగెత్తేవాడిని పాకమన్నట్టు ఉంటుంది. మొదటి నెల ఏడ్చింది. రెండో నెల విసుక్కుంది. క్రిస్మస్ నాటికి పిల్లల గీతం ఒకటి ఎవరూ పాడి వినిపించకుండానే పుస్తకం చూసి వాయించింది. మందిరంలో అది ఎవరూ గమనించలేదు. మేము గమనించాము.

2025లో ఐదో గ్రేడుకు వెళ్ళింది. తీసుకోకుండా ఉండే వీలున్నా సైట్ రీడింగ్ తీసుకొంది. దానిలో 10కి 7 వచ్చాయి. మొత్తం 73. మెరిట్‌కు రెండు మార్కులు తక్కువ. రెండు మార్కుల గురించి చుట్టాలు అడిగారు గాని ఆమె ఎక్కువసార్లు చూసుకొంది ఆ ఏడునే.

తల్లిదండ్రులకు

ఇటువంటి నిర్ణయం మీ ఇంట్లో కూడా ఎదురైతే, మా ప్రయాణంలో తెలిసిన కొన్ని విషయాలు మీకు ఉపయోగపడవచ్చు.

మొదటిది, పిల్లవాడు ఎప్పుడూ చూడని పాటను, ఇప్పుడున్న గ్రేడుకు రెండు గ్రేడులు తక్కువది, ముందు పెట్టి చూడండి. ఆగకుండా నెమ్మదిగానైనా వాయించగలిగితే ఒక గ్రేడు పరీక్ష వదిలినా నష్టం తక్కువ.

రెండవది, ఎందుకు వదులుతున్నామో ఇంట్లో పైకి చెప్పుకోండి. డబ్బు లేక వదిలితే అందులో సిగ్గు లేదు. సమయం లేక వదిలినా సరే. పక్కింటి పిల్ల ముందుకు వెళ్ళిందని వదిలితే మాత్రం మరొకసారి ఆలోచించండి.

మూడవది, చేయి చూడండి. పై గ్రేడుల పాటల్లో ఎనిమిది స్వరాల దూరం ఒక్క చేతితో అందుకోవలసి వస్తుంది. చిన్న చేతులను తొందరపెడితే నొప్పి పుడుతుంది. చేయి ఎదిగే వరకు ఆగడం వెనుకబడడం కాదు.

నాలుగవది, ఐదుకూ ఆరుకూ మధ్య ఉన్న దూరం మూడుకూ నాలుగుకూ మధ్య దూరం వంటిది కాదు. థియరీ షరతు, సైట్ రీడింగ్ తప్పనిసరి కావడం ఆ చోటనే వస్తాయి. కింది గ్రేడులలో దాటివేసినది అక్కడ ఎదురు నిలుస్తుంది.

చివరిది, పిల్లలనే అడగండి. పరీక్షకు వెళ్ళేది వారు, ఆ తరువాత యాభై ఏళ్ళు ఆ సంగీతంతో బ్రతికేది కూడా వారే. పరీక్ష ఒకటి మానవచ్చు. పాఠం మానకూడదు. మా ఇంట్లో ఇప్పుడు ఆరో గ్రేడు మాట వచ్చినప్పుడల్లా, ఎప్పుడు కట్టాలని ఎవరూ ముందుగా అడగడం లేదు. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాము.